జోడు కుదరని ప్రాసెసర్లు, ఆదిలాబాద్ పేజీలు

మా ఆఫీసులో సర్వర్‌కు ఏటా ఒకసారి బొట్టు పెట్టేవాళ్లం. ఆయుధ పూజ నాడు ముందు ప్రింటింగ్ యంత్రానికి గుమ్మడికాయ కొట్టేవాళ్లం. తర్వాత వ్యాన్లకు నిమ్మకాయలు కట్టి, చివరికి పసుపు కుంకుమల పళ్లెంతో కంప్యూటర్ గదిలోకి వచ్చేవాళ్లం. బొట్టు పెట్టేముందు దేన్నయినా తుడవాలి కదా. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ తుడవడంలోనే జరిగింది. ఇప్పుడు ఆఫీసుల్లో మిషన్లు చూసుకుంటున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. ఇందులో యంత్రం సంగతి కొంతే ఉంటుంది.

కరీంనగర్‌లో ఒక దినపత్రిక ఎడిషన్‌లో నేను సబ్‌ఎడిటర్‌ని. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆరు నెలల కోర్సు ఒకటి చేశానన్న పాపానికి, వార్తలు దిద్దే పనితో పాటు మిషన్లు చూసే పని కూడా నా నెత్తిన పడింది. మౌస్ కదలకపోయినా, ఏసీ నీళ్లు కారినా నన్నే పిలిచేవారు.

మా ఎడిషన్ నుంచి రెండు జిల్లాలకు పేపర్ వెళ్లేది. కరీంనగర్‌కు వేరే పేజీలు, ఆదిలాబాద్‌కు వేరే పేజీలు. ఆదిలాబాద్‌వి నాలుగే. దూరం ఎక్కువ కాబట్టి అవే ముందు అచ్చుకు వెళ్లాలి, వ్యాన్ ముందు అటే కదలాలి. ఏ ఊరి సంత ఏ వారానికి మారింది, పత్తి ధర ఎంత పలికింది, ఏ వాగు మీద బస్సు ఆగింది, ఏ బడికి పంతులు రావడం లేదు, ఇలాంటివే ఆ పేజీల నిండా ఉండేవి. హైదరాబాద్‌లో కూర్చున్నవారికి అవి వార్తలే కావు. అక్కడి వారికి అవే వార్తలు.

ఆ నాలుగు పేజీలూ ఒక్క మనిషి చేతి మీదుగా నడిచేవి. మంచిర్యాల దగ్గర పల్లె ఆమెది. మిషన్ చర్చి కుటుంబం, తండ్రి పాస్టర్ దగ్గర చదువు నేర్చి బడిలో అటెండరు అయ్యాడట. మా దగ్గరికి ప్రూఫ్ రీడర్‌గా వచ్చింది. ప్రూఫ్ విభాగం ఎత్తేశాక, పక్కన కూర్చుని చూసి చూసి వార్తలు పేర్చి పేజీలు పెట్టడం నేర్చుకుంది. ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఆ కాగితం మీద 'ఆదిలాబాద్ పేజీల నిమిత్తం' అని ఉండేది.

ఆ ఏడాది దసరాకు రెండు రోజుల ముందు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఇద్దరం సర్వర్ మూత తెరిచాం. మా రోడ్డు గ్రానైట్ లారీల రోడ్డు. లోపల బూడిద రంగు దుమ్ము వేలు మందం పేరుకుంది. ఒకే మదర్‌బోర్డు మీద రెండు ప్రాసెసర్లు పక్కపక్కన ఉండే మిషన్ అది. పేజీలను దాచేదీ అదే, అచ్చుకు పనికొచ్చేలా మార్చి పంపేదీ అదే. జోడెడ్ల బండి అనుకోండి. ఒక్కో ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి ఇటుకంత అల్యూమినియం దిమ్మె ఉంటుంది. దాని రేకుల సందులన్నీ మూసుకుపోయాయి.

ఆమె ఫ్యాన్లు విప్పి పెయింటు బ్రష్‌తో దులుపుతోంది. నేను దిమ్మె మీద చెయ్యి వేశాను.

"సార్, అది ఉండనియ్యుండ్రి. పైపైన దులుపుదాం" అంది.

"ఏడాదికోసారి పండుగ. పైపైన దులిపితే దేవుడు మెచ్చడు."

"మీ దేవుడు మెచ్చకున్నా మన్నిస్తడు గని, ఇది మన్నియ్యది సార్."

నవ్వి, క్లిప్పులు తీసి, దిమ్మెను పట్టుకుని పైకి లాగాను. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగాను. టక్కుమని వచ్చింది. దిమ్మెతో పాటు ప్రాసెసర్ కూడా వచ్చింది.

దిమ్మెకు, ప్రాసెసర్‌కు మధ్య తెల్లటి మెత్తటి పూత ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఎండి అది బంకలా పట్టేస్తుంది. మిషన్‌ను కాసేపు నడిపి, ఆ వేడికి పూత మెత్తబడ్డాక, కుండ మీది మూకుడు తిప్పినట్టు మెల్లగా తిప్పి తీయాలి. నాకు అప్పుడు తెలియదు. మదర్‌బోర్డు మీద మీటతో తాళం వేసి ఉన్న సాకెట్ అనే పీట నుంచి ప్రాసెసర్‌ను పెకిలించాను. దాని అడుగున వెంట్రుకల్లాంటి పిన్నులు వందల్లో ఉంటాయి. ఒక మూల అన్నీ గాలివానకు పడిన వరిలా వాలిపోయాయి. సూదితో నిలబెట్టబోతే రెండు విరిగి నా గోరు మీద పడ్డాయి.

ఆమె చేతిలోని ఫ్యాన్‌ను మెల్లగా బల్ల మీద పెట్టింది.

మిగిలిన ప్రాసెసర్‌ను, ఈసారి జాగ్రత్తగా తీసి, మొదటి పీటలో పెట్టి పవర్ మీట నొక్కితే సర్వర్ లేచింది. ప్రాణం కుదుటపడింది. హైదరాబాద్ హెడ్డాఫీసులో సాంకేతిక విభాగం అధికారికి మెయిల్ పంపాను. 'సర్వర్‌లో ఒక ప్రాసెసర్ పాడైంది. వేరొకటి పంపగలరు.' అంతే రాశాను. ఎలా పాడైందో రాయలేదు. రాసింది అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంతోమంది అధికారుల ప్రకటనలను ఇలాంటి మాటల దగ్గరే ఆపి, "అసలేం జరిగింది, కనుక్కో" అని విలేకరులను గదమాయించిన వాడిని నేను.

ఒక్క ఎద్దుతో బండి నడిచింది గానీ, వేళకు చేరలేదు. పేజీలు ఒకదాని వెనుక ఒకటి పేరుకుపోయాయి. ముందు వెళ్లాల్సిన ఆదిలాబాద్ పేజీలే వెనకబడ్డాయి. వ్యాన్ ఆగదు కదా, కరీంనగర్ పేజీలనే ఎత్తుకుని వెళ్లిపోయింది. పొద్దున్నే ఆదిలాబాద్ విలేకరి ఫోన్.

"అన్నా, మాకు మానేరు నీళ్ల ముచ్చట పంపిండ్రు. మానేరుతోని మాకేం పని? ఇక్కడ పెన్‌గంగ ఒడ్డు దాటింది. నేను రాసిన వార్త ఏడ బోయింది?"

"సర్వర్ కొంచెం..."

"జనం నన్ను చాయ్ దుకాణం కాడ ఆపి అడుగుతుండ్రన్నా. నేను పేపర్ల పని చేస్తున్ననా, గోలీలాడుతున్ననా అని."

ఆ రాత్రి కూడా అంతే అయ్యేలా ఉంది. ఆ రోజు మహర్నవమి. మధ్యాహ్నం హెడ్డాఫీసు అధికారి స్వయంగా ఫోన్ చేశాడు. కృష్ణా జిల్లా మనిషి. మర్యాదగా మాట్లాడతాడు, మాట మార్చడు.

"మిషన్ వయసైపోయిందండీ. ఇవాళ ఒకటి పోయింది, రేపు రెండోది పోతుంది. అప్పుడు రెండు జిల్లాలకూ పేపరు ఉండదు. పండగ సెలవు అవగానే ఆదిలాబాద్ పేజీలు ఆపేయండి. కరీంనగర్ పేజీలే అటూ పంపుదాం. తాత్కాలికంగానే లెండి."

తాత్కాలికంగా ఆగిన పేజీ మళ్లీ మొదలవడం నేను ఏ పత్రికలోనూ చూడలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పక తప్పలేదు. ఆమె అప్పుడు ఒక ఫొటో కింద పేరు సరిచూస్తోంది. తల ఎత్తలేదు.

"పేజీలు లేకుంటే, పేజీలు పెట్టేటామె ఎందుకుంటది సార్?"

"నీకు కరీంనగర్ పేజీల్లో ఏదో ఒకటి..."

"అక్కడ నలుగురున్నరు. ఐదో కుర్సీ ఎవరేస్తరు?" అని, ఆ పేరులో దీర్ఘం సరిచేసి, అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. ఏదో ఎదురుచూస్తున్నట్టు ఉంది. నేనే చూపు తిప్పుకున్నాను.

దసరాకు పత్రికలకు సెలవు. ఆ రోజు ఎవరూ పనిచేయరు, మర్నాడు పేపర్ రాదు. ఏం చేసినా ఆ ఒక్క పగలే చేయాలి. నవమి సాయంత్రమే బస్టాండు దగ్గర పాత కంప్యూటర్లు అమ్మే భాయ్ దగ్గరికి వెళ్లాను. మూలపడిన మిషన్లను విప్పి, పనికొచ్చే ముక్కలను చాక్లెట్ డబ్బాల్లో పెట్టుకునే మనిషి. విరిగిన ప్రాసెసర్‌ను చూసి నాలుక చప్పరించాడు.

"ఎవరు సాబ్ దీన్ని గిట్ల పీకింది? పన్ను పీకినట్టు పీకిండు!"

"తెలియదు భాయ్."

"తెల్వకుంటెనే మంచిది. తెలిస్తే రెండు తగిలిద్దుము." డబ్బాలన్నీ వెతికి ఒకటి తీశాడు. "ఓ ఇంజినీరింగ్ కాలేజీ సర్వర్ల కెల్లి తీసిన. మీ దాని నంబరే. చూస్కోండ్రి సాబ్, తర్వాత నన్ను పరేషాన్ చెయ్యొద్దు."

ప్రాసెసర్ మీద పెద్ద అక్షరాలతో మొదటి వరుస ఉంటుంది. వేగం ఎంత, లోపలి జ్ఞాపకం, అదే మెమరీ, ఎంత అని. రెండింటి మీదా ఆ వరుస అచ్చంగా ఒకటే. తీసుకుని వచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. శీర్షిక చదివి వార్త చదివాననుకునే పాఠకులను జీవితమంతా వెక్కిరించిన వాడిని, నేను చేసింది అదే.

దసరా నాడు పదకొండింటికి ఆఫీసు తాళం తీశాను. పది నిమిషాల్లో ఆమె కూడా వచ్చింది. రావద్దని ముందురోజే చెప్పాను.

"పండుగ మీది సార్, నాది కాదు గద" అంది, టిఫిన్ డబ్బా బల్ల మీద పెడుతూ. "నా పేజీలు బతుకుతయో సస్తయో ఇంట్ల కూసోని ఎట్ల చూస్త?"

కొత్త ప్రాసెసర్‌ను మొదటి పీటలో పెట్టాను. అంతదాకా ఒంటరిగా మోస్తున్న పాతదాన్ని రెండో పీటకు మార్చాను. ఎందుకలా అని ఆమె అడిగితే, "కొత్త వార్త మొదటి పేజీకి, పాతది లోపలి పేజీకి. ఇది కూడా చెప్పాలా?" అన్నాను. మీట నొక్కాను. ఫ్యాన్లు ఈల వేశాయి. మూడు కూతలు వినిపించాయి, నారింజ రంగు దీపం వెలిగింది. తెర నల్లగానే ఉంది.

మళ్లీ విప్పాం, మళ్లీ బిగించాం. అవే మూడు కూతలు. నా చొక్కా తడిసిపోయింది. భాయ్ దగ్గర తెచ్చినదాన్ని కూడా పాడుచేశానా? పాతదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూశాం. లేచింది. కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టాం. అదీ లేచింది. రెండూ కలిస్తే మాత్రం కూతలే.

"విడివిడిగ ఇద్దరూ మంచోళ్లే" అంది ఆమె. "పక్కపక్కన కూసోబెడితెనే తగాదా. సార్, ఈ రెండింటి రాతలు పూర్తిగ చదివిండ్రా?"

"చదివాను. ఒకటే."

"ప్రూఫ్ చూసినట్టు చూసిండ్రా?"

పత్రికల్లో ప్రూఫ్ ఒక్కరు చూడరు. ఒకరు అసలు ప్రతిని బయటికి చదువుతుంటే, రెండోవారు అచ్చు కాగితం మీద వేలు పెట్టి చూస్తారు. కళ్లు తమకు తెలిసిందే చదువుకుంటూ పోతాయి, చెవి అలా పోదు. మా ఆఫీసులో ఆ పద్ధతి పోయి చాలా ఏళ్లయింది. ఆమె రెండు ప్రాసెసర్ల మీది పూతను స్పిరిట్‌తో తుడిచింది. అచ్చు నాణ్యత చూసే భూతద్దం తెచ్చింది. పాతది తను తీసుకుని కొత్తది నా చేతిలో పెట్టింది. ఒక్కో అక్షరం, ఒక్కో అంకె, మధ్యలో ఉన్న గీతలతో సహా పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి వరుస కుదిరింది. రెండోది కుదిరింది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఐదక్షరాల సంకేతం ఒకటి ఉంది. మూడు అక్షరాలు చదివింది, సరేనన్నాను. నాలుగోది చదివింది.

"ఆగు. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. నా చేతిలో ఉన్నది అది కాదు.

సర్వర్‌తో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం బీరువాలో పాత పేపర్ల కట్టల కింద ఉంది. అన్నేళ్లలో దాన్ని ఎవరూ తెరవలేదు, పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ప్రాసెసర్ల అధ్యాయం చివర, చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలు దొరికాయి. ఒకే రకం ప్రాసెసర్‌ను కంపెనీ కాలక్రమంలో చిన్నచిన్న సవరణలతో మళ్లీ మళ్లీ తయారుచేస్తుంది. పుస్తకానికి మొదటి ముద్రణ, రెండో ముద్రణ ఉన్నట్టు. వేగం, జ్ఞాపకం ఒకటే అయితే వేర్వేరు ముద్రణలవి కూడా జతగా పెట్టవచ్చు. కానీ పాత ముద్రణది మొదటి పీటలో ఉండాలి. మిషన్ లేచేటప్పుడు మొదటి పీటలోనిదే ముందు లేచి రెండోదాన్ని లేపుతుంది. ఇద్దరికీ వచ్చిన పద్ధతులేవో అదే తేలుస్తుంది. పక్కనున్న సంకేతాల పట్టీ చూస్తే మా పాతదే ముందు ముద్రణది, భాయ్ ఇచ్చింది తర్వాతిది.

నేను చదివి చెప్పగానే ఆమె పకపకా నవ్వింది.

"కొత్త అల్లుడొచ్చి పెద్దపీట మీద కూసుండి, మామను ఎనుకకు పొమ్మన్నట్టయింది సార్! పెద్దాయన ముందట కూసోవాలె. ఈయన జర ఆయన చెప్పినట్టు ఇనాలె."

భాయ్ దగ్గర తెచ్చిన పూత కొత్తగా రాసి, ఇద్దరి స్థానాలూ మార్చాం. ఈసారి పీట మీట ఆమే వేసింది. మూడు కూతలు రాలేదు. తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. రెండు ప్రాసెసర్లు ఒకే ముద్రణవి కావు, అయినా సాగాలంటే ఫలానా మీట నొక్కండి అని. ఆమె నా వైపు చూసింది. నొక్కమన్నాను. సర్వర్ లేచింది. లెక్క చూస్తే రెండూ పనిచేస్తున్నాయి. ముందటి వారం నాలుగు ఆదిలాబాద్ పేజీలను తీసి అచ్చుకు పంపే పని పెట్టి చూశాం. రెండు రోజులుగా ముక్కుతూ మూలుగుతూ చేసిన పనిని, మేం టిఫిన్ డబ్బాలోని సకినాలు రెండేసి తినేలోపు ముగించింది.

గెలిచామనుకున్నాను. వెంటనే హెడ్డాఫీసు అధికారి ఇంటికి ఫోన్ చేశాను. పండగ పూట విసుక్కోకుండా అంతా విన్నాడు.

"మీ శ్రమకు సంతోషమండీ. కానీ నా బాధ మీరు పట్టించుకోవడం లేదు. కారణం లేకుండా ఒక ప్రాసెసర్ పోయిన మిషన్ అది. బోర్డే చెడి ఉండొచ్చు. మీరు పెట్టిన రెండోది కూడా వారంలో పోదని ఎవరు చెప్పగలరు? అందులోనూ జత కలవనివి. నిర్ణయం అలాగే ఉండనివ్వండి."

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. తనకు తెలిసినదాన్ని బట్టి అతను సరిగ్గానే ఆలోచించాడు. తెలియాల్సింది తెలియనివ్వనిది నేను. ఆమె బల్లకు అటు పక్క నిలబడి స్క్రూలను డబ్బాలో వేస్తోంది. ఒక్కో స్క్రూ చప్పుడూ వినిపిస్తోంది.

"సార్, అది కారణం లేకుండా పోలేదు" అన్నాను.

"అంటే?"

"శుభ్రం చేస్తానని దిమ్మెను లాగాను. ప్రాసెసర్ ఊడొచ్చింది. పిన్నులు విరిగాయి. బోర్డుకు ఏమీ కాలేదు. మిషన్ తప్పేమీ లేదు."

"ఎలా లాగారు?"

"చేత్తోనే సార్. రెండు చేతులతో."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. నవ్వాడో, కోప్పడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. "ఈ మాట ఆ రోజే రాసుంటే నేను ఈ నిర్ణయం తీసుకునేవాణ్ణి కాదు కదండీ. ఇప్పుడు రాసివ్వగలరా?"

"ఇస్తాను."

"మీ మీద మెమో వస్తుంది."

"రానివ్వండి."

"పంపండి. పేజీలు ఎప్పట్లాగే కానివ్వండి. ఒక నెల చూద్దాం."

ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. ఆమె స్క్రూల డబ్బా మూత పెట్టి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"రెండు దినాల సంది చూస్తున్న సార్, ఎప్పుడు చెప్తరా అని."

"నువ్వు చెప్పొచ్చు కదా. నీ కళ్ల ముందే లాగాను."

"నేను చెప్తే, ఉద్యోగం కోసం సార్ మీద చెప్పింది అంటరు. ఆ మాట మోసుకుంట ఈ ఆఫీసుల ఎట్ల తిరుగుత?" అని, డబ్బాలో మిగిలిన సకినం ఒకటి నా ముందుకు జరిపింది. "తినుండ్రి. మొకం పీక్కపోయింది."

ఆ మెయిల్ రాయడానికి నాకు గంట పట్టింది. మూడు వాక్యాలే. ప్రాసెసర్ల పేచీ మొత్తం తేలడానికి కూడా దాదాపు అంతే సమయం పట్టింది. పిల్లలూ, మీరు నాకంటే తెలివైనవారు, మిషన్ సంగతులు మీకు చెప్పేంత వాడిని కాను. ఏదైనా పాడైందని పైవాళ్లకు రాసేటప్పుడు, ఎలా పాడైందో కూడా ఆ కాగితంలోనే రాయండి. కింద ఉన్న మనం దాచిన చిన్న ముక్కను బట్టి, పైన కూర్చున్నవారు పెద్ద నిర్ణయాలు తీసుకుంటారు. ఆ బరువు మన మీద పడదు. మన పక్క కుర్చీ మీద పడుతుంది.

మెమో వచ్చింది. నా ఫైలులో ఉంది. నెల గడిచింది, తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ జత కొత్త సర్వర్ వచ్చేదాకా నడిచింది. లేచిన ప్రతిసారీ 'మేమిద్దరం ఒకటి కాదు' అని తెర మీద చెప్పేది, మేం మీట నొక్కేవాళ్లం, పనిలో పడేది. ఆమె కాంట్రాక్టు తర్వాతి ఏడాది పర్మనెంటు అయింది. నేను రిటైరయ్యేనాటికి రెండు జిల్లాల పేజీలూ చూసే ఇన్‌చార్జి ఆమే.

నాకు మాత్రం సెలవు తర్వాత పేపర్ వచ్చిన మొదటి పొద్దు బాగా గుర్తు. ఆదిలాబాద్ పేజీలతో వ్యాన్ వేళకే వెళ్లింది. పదకొండింటికి నేను డెస్క్ మీద కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ఆసిఫాబాద్ దిక్కు పేపర్ ఏజెంటు. గొంతు మండిపోతోంది.

"ఏం పేపరయ్యా మీది? మా ఊళ్లె సంత ఇయ్యాల అని వేసిండ్రు. మా సంత రేపు! పొద్దుగాల్నే ఎడ్లు తోలుకొచ్చిన నలుగురు నా దుకాణం ముందట కూసున్నరు. ఎడ్లకు నీళ్లెవరు పెట్టాలె, మీరొచ్చి పెడుతరా?"

చదివారన్నమాట. పేజీ చేరింది, చదివారు, నమ్మి ఎడ్లను కూడా తోలుకొచ్చారు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ తిట్లు తినలేదు. రిసీవర్‌ను ఆమెకు అందించాను.

ఆమె మొత్తం వింది. వినడం అయ్యాక, ఇంత కూడా తడుముకోకుండా అంది.

"తప్పు నాదే అన్నా. వారం నేనే తప్పు పెట్టిన. ఎడ్లకు జర నీళ్లు పెట్టుండ్రి. రేపటి పేజీల సరిచేస్త."